పళ్ళు మన ఒంట్లోవి కావా?

మొన్న సంక్రాంతికి తెనాలి వెళ్తే అందరూ మా బాబాయిని ఒకటే మెచ్చుకోవడం. "ఎంత సన్నబడ్డావయ్యా, షుగరు బాగా కంట్రోల్లో ఉన్నట్టుందే!" అని. ఆయనా మురిసిపోయి నవ్వాడు. నవ్వితే కనపడింది, కింద ముందుపళ్ళు రెండు లేవు.

"పళ్ళేమయ్యాయి బాబాయ్?" అంటే, "అరవై దాటాక పళ్ళూడక కొమ్ములొస్తాయేంట్రా" అన్నాడు.

చిగుళ్ళ నుంచి రక్తం రావడం నాలుగేళ్ళుగా ఉందట. వేడి చేసిందని మజ్జిగ తాగుతున్నాడట! మిగతాది పిన్ని చెప్పింది. డాక్టరు తినమన్న జొన్నరొట్టె నమల్లేడు, కూరముక్కలు పక్కకి తీసేస్తాడు, జామకాయ ముట్టడు. పూటపూటకీ ఇడ్లీ, ఉప్మా, మెత్తగా పిసికిన పెరుగన్నం. మూడు నెలల సగటు చెప్పే పరీక్ష, అదే హెచ్‌బీఏ1సీ, 10 దాటింది. అంటే ఆయన తగ్గింది పథ్యం వల్ల కాదు, ఒంటికి అందాల్సిన షుగరు మూత్రంలో పోవడం వల్ల. మనమేమో దానికి అభినందనలు!

పదిహేనేళ్ళుగా చూస్తున్న డాక్టరుగారు వెళ్ళినప్పుడల్లా బరువు చూస్తారు, బీపీ చూస్తారు, కళ్ళు, పాదాలు చూపించుకోమంటారు. ఒక్కసారి కూడా "నోరు తెరవండి" అనలేదట. ఇది ఒక్క తెనాలి గొడవే అనుకునేరు. ఇక్కడ న్యూజెర్సీలో నన్ను చూసే డాక్టరూ అంతే. అడిగితే "అది డెంటిస్టు పని" అన్నాడు. డెంటిస్టుని షుగరు గురించి అడిగితే "మీ డాక్టర్నడగండి" అన్నాడు. మా ఆఫీసులో బగ్గు ఒక టీమ్ మీంచి ఇంకో టీమ్ మీదకి తోసేసినట్టే!

పోనీ ఇదేమైనా కొత్త సంగతా? 1993లోనే హారాల్డ్ లో అనే పళ్ళ శాస్త్రవేత్త, కళ్ళు, కిడ్నీలు, నరాలు, రక్తనాళాలు, మానని పుండ్ల తర్వాత చిగుళ్ళ జబ్బుని షుగరు తెచ్చే ఆరో చిక్కుగా లెక్కేశారు. షుగరు ఎక్కువగా ఉంటే చిగుళ్ళు సూక్ష్మజీవుల్ని తట్టుకోలేవు, పన్నుని పట్టుకున్న ఎముక కరిగిపోతుంది. అక్కడితో ఆగదు. వాచిన చిగుళ్ళలోంచి రక్తంలో కలిసే రసాయనాలు ఇన్సులిన్‌ని సరిగ్గా పనిచెయ్యనివ్వవు. పొట్టచుట్టూ కొవ్వు చేసేదీ ఇదే పని. ఆ రెండూ ఉన్నవాడి గతేంటో మీరే చెప్పండి.

లావుగా ఉన్నవాళ్ళలో చిగుళ్ళ జబ్బు ఎక్కువ అని చదివి, "నేను సన్నమే, నాకేం" అనే మిత్రులు నాకు బోలెడుమంది. వాళ్ళకోసం ఒక ఫోటో సంగతి. 2004లో లాన్సెట్ పత్రికలో ఇద్దరు డాక్టర్ల బొమ్మ వేశారు: పుణె యాజ్ఞిక్, లండన్ యుడ్కిన్. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం దొరగారికి 9.1 శాతం, మనాయనకి 21.2. తూకం మనవాళ్ళ విషయంలో అంతలా అబద్ధమాడుతుంది.

మరి చిగుళ్ళు బాగుచేస్తే లాభముందా? ఉంది. బోలెడు పరిశోధనల్ని కలిపి చూసిన 2022 నాటి కాక్రేన్ సమీక్షలో, చిగుళ్ళకి వైద్యం చేశాక మూడు నాలుగు నెలలకి ఆ పరీక్ష అంకె సగటున 0.43 తగ్గింది. ఇంత తగ్గిస్తే మాత్రనైతే డాక్టర్లు చీటీమీద రాసేవారు.

కానీ ఎవరు రాస్తారు? 1840లో బాల్టిమోర్‌లో పళ్ళకి వేరే కాలేజీ పెట్టారు, ఆ వేరుకాపురం ఇంకా నడుస్తోంది. నాకు ఒంటికో ఇన్సూరెన్సు, పళ్ళకో ఇన్సూరెన్సు. ఆ రెండోది ఏడాదికి 1500 డాలర్లు దాటితే చేతులెత్తేస్తుంది. 1965లో పుట్టిన మెడికేర్ అసలు ప్లానులో మామూలు పళ్ళ వైద్యం ఇప్పటికీ లేదు. గుండెకీ కిడ్నీకీ ఖర్చుపెడతారట, వాటిదాకా వెళ్ళే వాపుని ఆపడానికి మాత్రం పెట్టరట!

నేను తిరిగొచ్చేలోపు బాబాయిని డెంటిస్టు దగ్గరికి లాక్కెళ్ళాను. నాలుగు సార్లు కూర్చోబెట్టి చిగుళ్ళ లోపలిదాకా శుభ్రం చేశారు. షుగరు డాక్టరు మందులు కూడా మార్చారు కాబట్టి ఘనతంతా చిగుళ్ళదే అనను. ఏప్రిల్లో అంకె 8.1కి దిగింది. మొన్న ఫోన్లో కొంచెం దిగులుగానే చెప్పాడు: "రెండు కిలోలు పెరిగానురా అబ్బాయ్. షుగరు మళ్ళీ ఎక్కువైందా అని అందరూ అడుగుతున్నారు."