నిమిషమునకు 120 స్పందనములు

ఈ నెల యొక ఫ్రెంచి చిత్రమును గూర్చి వ్రాయబూనితిమి. ఇందు ప్రేమించువాడును, ప్రేమింపబడువాడును పురుషులే. ఇంటిల్లిపాదియు చదువు పత్రికలో నిది యేల యని కొందరు సోదరీమణులు శంకింతురేమో. చిత్రమును చూచిన పిదప మాకా శంక నిలువలేదు. రోగి మంచము ప్రక్కన కూర్చుండి రాత్రులు గడపుట యెట్టిదో మన కెవ్వరును నేర్పవలసిన పని లేదు గదా!

చిత్రము పేరునకర్థమే పైన మేము శీర్షికగా నుంచినది. దర్శకుడు రోబిన్ కాంపియో. 2017లో కాన్ చిత్రోత్సవమున గ్రాండ్ ప్రీ బహుమానమును, మరుసటి యేట ఫ్రాన్సులో నుత్తమ చిత్రమునకిచ్చు సేజార్ బహుమానమును పొందినది. కథాకాలము 1990 తరువాతి తొలి సంవత్సరములు. ఎయిడ్సు రోగులను బ్రతికించి నిలుపగల మందులు 1996 ప్రాంతమున గాని రాలేదు. ప్రభుత్వమును, మందుల కంపెనీలును జాగు చేయుచుండగా, 1989లో పారిస్ నగరమున నేర్పడిన ఆక్ట్ అప్ సంఘమువారు వీధుల కెక్కిరి. కాంపియో స్వయముగా నా సంఘమున పని చేసినవాడు. కావుననే వారి సభలు, తగవులు, చప్పట్లకు మారుగా చిటికెలు వేయు నాచారము కల్పితములుగా తోపవు. సభలు కొంత దీర్ఘములే. మాకు మాత్రము విసుగు పుట్టలేదు.

ఆ సభలలో ఎలెన్ యను నొక తల్లి యున్నది. రక్తము గడ్డకట్టని జబ్బు గల యామె కుమారునకు, వైద్యమునకై యెక్కించిన రక్తము వలననే యీ రోగమంటినది. ఇది కవికల్పన కాదు. అట్టి దోషము గల రక్తపదార్థములను 1985లో పంచినందులకు ఫ్రాన్సు రక్తసంస్థ యధికారులు 1992లో శిక్షింపబడిరి.

షాన్ రోగగ్రస్తుడు. నాతాన్ క్రొత్తగా సంఘమున చేరినవాడు, రోగము లేనివాడు. వారి యేకాంతమును దర్శకుడు దాచక చూపినాడు. పిల్లలతో కలసి చూడదగినది కాదని ముందే చెప్పుచున్నాము. కాని యా గదిలో మా మనస్సున నిలిచినవి వారి మాటలు. పదునారేండ్ల ప్రాయమున, తనకు లెక్కలు చెప్పిన యుపాధ్యాయుని వలన రోగము సోకిన సంగతిని షాన్ చీకటిలో మెల్లగా చెప్పును. నాతాన్ వినును. తరువాత రోగము ముదిరినపుడు ఆసుపత్రి నుండి యతనిని తన యింటికే తెచ్చుకొనును.

షాన్ తల్లియు నచ్చటికే వచ్చును. నాతాన్ ఆమెకు కోడలు కాడు, అల్లుడు కాడు. పిలుచుట కొక వరుస లేదు. అయినను కుమారుని కడపటి రాత్రి, వారిద్దరును కలసియే యతనికి చేయవలసినవి చేయుదురు. నాతాన్ ఆ రాత్రి యొంటరిగా చేసిన పని యొకటి కలదు. దానిని మేమిచట విప్పి చెప్పము. చూచిన సోదరీమణులు తప్పో యొప్పో తామే యనుకొందురు గాక. మేము రెండు దినములు తలపోసియు నిశ్చయింపలేకపోతిమి.

తెల్లవారక మునుపే మిత్రులొక్కరొక్కరుగా వత్తురు. పిమ్మట షాన్ కోరినట్లే, వారతని చితాభస్మమును బీమా కంపెనీలవారి విందుబల్లలపై చల్లుదురు. అస్థికలను నదిలో కలుపు మనకిది కటువుగా తోచును. మాకును తోచినది. అయిన నతడు కోరినది నది కాదు, ఆ బల్లలే.