పాడైంది తెర కాదు

ఇంట్లో సింథసైజర్ కట్టుకునేవాళ్ళలో ఈ అనుభవం లేనివాళ్ళు తక్కువ. నెల రోజులు సోల్డరింగ్ చేసి, రాత్రి పదకొండింటికి ఊపిరి బిగబట్టి స్విచ్ వేస్తాం. రెండు వరసల చిన్న ఎల్‌సీడీ తెర మీద తరంగం పేరో, ఫిల్టర్ విలువో కనిపించాలి. కనిపించదు. పై వరసలో పదహారు నల్ల గడులు, కింది వరస ఖాళీ. ఫొటో తీసి తెలిసినవాళ్ళకు పంపిస్తే నిమిషంలో తీర్పు వచ్చేస్తుంది: "డిస్‌ప్లే పోయింది బ్రో, కొత్తది కొనెయ్. రెండొందలే కదా." వయసులో పెద్దవాళ్ళయితే ఇంకో మాట కలుపుతారు: "ఫోన్‌లో యాప్ ఉండగా నీకీ అవస్థ ఎందుకు నాయనా?"

ఈ రెండూ ఒక చెట్టు కాయలే. పనిచేయనిదాన్ని ఎందుకు పనిచేయడం లేదని అడగకూడదు, మార్చేయాలి అన్నది వీటి సారం. ఇదే తెలివైన పద్ధతిగా, లోకం తెలిసినవాళ్ళ సలహాగా చలామణీ అవుతోంది. ఇది తప్పని నా వాదన. సంగీతమూ చదువూ దాకా వెళ్ళక్కర్లేదు, ముందు డబ్బు లెక్కలోనే తప్పు.

ఆ నల్ల గడులనే చూడండి. ఈ తెరల వెనక సాధారణంగా ఉండేది హిటాచీవాళ్ళు 1980లలో తెచ్చిన హెచ్‌డి44780 అనే కంట్రోలరు, లేదా దాని నకలు. కరెంటు అందగానే అది తనంతట తాను ఒక్క వరస తెరగా సిద్ధమై మన ఆజ్ఞ కోసం కాచుకుంటుంది. పై వరస నల్లబడిందంటే కరెంటు అందింది, కాంట్రాస్టు తగినంత ఉంది, గాజు బతికే ఉంది. అందనిది మన మాట ఒక్కటే. అంటే జనం చావు కబురుగా చదువుతున్నది నిజానికి క్షేమ సమాచారం! ఆర్ఎస్, ఈ అనే రెండు తీగలు తారుమారయ్యాయేమో, ఆర్/డబ్ల్యూ కాలును గ్రౌండుకు కలపడం మరిచామేమో, పిన్నుల పట్టీని సోల్డర్ చేయకుండా రంధ్రాల్లో ఊరికే గుచ్చి వదిలేశామేమో చూడాలి. (చివరిది నమ్మరు గానీ, నేను చూసినవాటిలో ఎక్కువ అదే.) కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్ళి కొత్త తెర తెచ్చి అవే తీగలకు తగిలిస్తే అవే పదహారు గడులు వస్తాయి. అప్పుడు షాపువాడు డూప్లికేట్ అంటగట్టాడంటారు. మూడోది కొంటారు.

అసలేమీ కనిపించని తెర సంగతి ఇంకా చిత్రం. మూడో కాలు కాంట్రాస్టుది. దానికి పది కిలో ఓముల పాట్ (తిప్పే రెసిస్టరు) ఒకటి పెట్టి, వోల్టేజీని దాదాపు సున్నా దగ్గరికి, అర వోల్టు ప్రాంతానికి దించాలి. కాస్త ఎక్కువైతే అక్షరాలు అక్కడే ఉన్నా కంటికి ఆనవు. ఐదు వోల్టుల తెరను 3.3 వోల్టుల బోర్డుకు తగిలిస్తే పాట్ ఎంత తిప్పినా లాభం ఉండకపోవచ్చు, ఎందుకంటే గాజు మీద పడాల్సిన తేడా సుమారు నాలుగున్నర వోల్టులు. తంబుర తీగ కింద దూర్చే దారాన్ని మనవాళ్ళు జీవా అంటారు. అది వెంట్రుకవాసి అటూఇటూ అయితే నాదం చచ్చిపోతుంది. అలా అయినప్పుడు తంబుర పోయింది, కొత్తది కొను అన్న విద్వాంసుణ్ణి నేనెక్కడా చూడలేదు. దారం జరిపి మళ్ళీ మీటుతారు. పావుచుట్టు తిప్పితే బతికే తెరను మాత్రం చెత్తబుట్టలో వేస్తాం.

ఓలెడ్ తెరలకు మారినవాళ్ళు ఈ గొడవ తప్పిందనుకుంటారు. గొడవ వేషం మార్చుకుంటుంది, అంతే. రెండు తీగల ఐ2సీ పద్ధతిలో ప్రతి తెరకూ ఒక చిరునామా ఉంటుంది. చాలా బోర్డుల వెనక 78 అని అచ్చువేసి ఉంటుంది, ప్రోగ్రాములో అదే రాస్తాం, తెర పలకదు. హెక్సాలో, అంటే పదహారేసి లెక్కలో, 78 అంటే మన పదుల లెక్కలో 120. తెరను నడిపే రెడీమేడ్ కోడ్ (లైబ్రరీ) అడిగేది హెక్సాలో 3సి, అంటే 60, సరిగ్గా సగం. బోర్డు అచ్చువేసినవాడు చదవడం, రాయడం తెలిపే బిట్‌ను కూడా కలిపి లెక్కకట్టాడు, లైబ్రరీ దాన్ని వదిలేసింది. ఇంటి నంబరు ఒకటే, రాసిన తీరు వేరు. అలాగే ఎస్ఎస్‌డి1306 అనే కంట్రోలరు చిప్పు అని చెప్పి అమ్మినది లోపల ఎస్‌హెచ్1106 అయితే బొమ్మ చెదురుతుంది, లేదా రెండు నిలువు వరసలు పక్కకు జరిగి అంచున పిచ్చి చుక్కలు మిగులుతాయి. ఎస్‌హెచ్1106 జ్ఞాపకంలో 132 నిలువు వరసలుంటే గాజు మీద ఉన్నవి 128 మాత్రమే. ప్రోగ్రాములో ఒక్క లైను మారిస్తే సరిపోయే రోగం ఇది.

నా కథ ఒకటి చెప్పాలి. ఆర్డ్వినో ఊనో అనే బోర్డు మీద చిన్న సింథ్ కట్టాను. తరంగానికి 256 బైట్ల పట్టిక చొప్పున రెండు తరంగాలు. తెర చక్కగా వెలిగింది. మూడో తరంగం చేర్చగానే తెర చీకటైపోయింది, శబ్దం మాత్రం బాగానే వస్తోంది. ఇంకెవరైనా ఏమనుకుంటారు? తెర పోయిందనే. నేనూ అదే అనుకుని ఇంకోటి తెచ్చాను, అదీ వెలగలేదు. రెండు రోజుల తర్వాత గానీ కూడికలు చేసుకోవడం తట్టలేదు. 128 గుణించు 64 చుక్కల తెరకు బొమ్మ దాచుకోవడానికి 1,024 బైట్లు కావాలి. ఊనోలోని చిప్పుకు ఉన్న ర్యామ్ మొత్తం 2,048. సగం తెరకే పోయింది. మూడు పట్టికలకు 768. మిగిలిన 256 బైట్లలో నా ప్రోగ్రాము సంసారమంతా ఈదాలి. తెర లైబ్రరీ తన వాటాను నడుస్తుండగా అడుగుతుంది కాబట్టి కంపైలరు కిక్కురుమనలేదు. అడిగినప్పుడు చోటు లేదు, తెర మౌనంగా ఉండిపోయింది. పట్టికలను ఫ్లాష్ మెమరీలోకి తోసే ఒక్క మాట రాశాను, పాత తెరే వెలిగింది. ఆ వారం అనవసరంగా కొన్న రెండో తెర ఇప్పటికీ ఉంది, దాని వెల నా మూర్ఖత్వానికి కట్టిన పన్ను.

తెర వెలిగాక కూడా కథ ముగియదు. ఇక్కడే మార్చెయ్ వాదం పూర్తిగా చేతులెత్తేస్తుంది. నాబ్ తిప్పినప్పుడల్లా శబ్దంలో టక్ టక్‌మని తెగుతుంది. ఐ2సీ వేగంగా నడిచినా, సెకనుకు నాలుగు లక్షల బిట్ల చొప్పున, ఆ 1,024 బైట్లు పంపడానికి కనీసం 23 మిల్లీసెకన్లు పడుతుంది. సెకనుకు 16,384 నమూనాలు కావాల్సిన సింథ్‌లో ఆ వ్యవధిలో 370కి పైగా నమూనాలు గడిచిపోతాయి. వాటిని సిద్ధం చేయాల్సిన చిప్పు తెరకు బొమ్మ మోస్తూ కూర్చుంటే చెవికి గండి పడుతుంది. ఏ తెర కొన్నా ఈ గండి పూడదు. తెరనంతా ఒకేసారి పంపకుండా పట్టీ పట్టీగా పంపాలి, అంకె మారినప్పుడే గీయాలి. ఇంకో రకం రొద ఉంటుంది, సన్నగా ఈగ మూలిగినట్టు. తెర మీద అక్షరాలు ఎక్కువైతే పెరుగుతుంది, తుడిచేస్తే తగ్గుతుంది. తెర తాగే కరెంటు, శబ్దం నడిచే గ్రౌండు తీగలోంచే తిరిగి వస్తోందని చెవే చెబుతుంది. గ్రౌండును విడిగా పవర్ సప్లై దాకా లాగి, తెర పక్కన వంద మైక్రోఫారడ్ కెపాసిటరు ఒకటి పెడితే ఈగ చచ్చింది. ఆ పూట నేను నేర్చుకున్నది మల్టీమీటరు నేర్పలేదు. అక్షరాలు చెరిపి వినడం, మళ్ళీ రాసి వినడం నేర్పింది.

ఇక యాప్ మాట. శబ్దం విషయంలో యాప్‌దే పైచేయి, ఒప్పుకుంటాను. నేను కట్టిన డబ్బా ఏ మంచి యాప్‌కూ సాటిరాదు. కానీ యాప్ శాశ్వతం, చేత్తో కట్టింది నాలుగు రోజుల ముచ్చట అన్న నమ్మకానికి ఆధారం లేదు. 2017లో ఐఓఎస్ 11 రాగానే పాత 32 బిట్ల యాప్‌లన్నీ ఒక్క దెబ్బతో తెరుచుకోవడం మానేశాయి. వాటిలో డబ్బు పెట్టి కొన్న సంగీతం యాప్‌లూ ఉన్నాయి. వాటికి పాట్ తిప్పి బతికించే మూడో కాలు లేదు. అదే పారిస్‌లో ఎమిలీ జిలే స్థాపించిన మ్యూటబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ కిట్టుగా ఇచ్చిన సింథ్‌ను చూడండి. దాని పేరు శ్రుతి-1, మన మాటే. నాలుగు నాబ్‌లు, ఇదే పదహారు అక్షరాల రెండు వరసల తెర, సర్క్యూటూ కోడూ అందరికీ తెరిచి పెట్టారు. కంపెనీ మూతపడింది. శ్రుతి-1ని మాత్రం ఇప్పటికీ కట్టుకుంటున్నారు, పాడైతే బాగుచేసుకుంటున్నారు.

తెర ఉన్నంత మాత్రాన వాయిద్యం అర్థమవుతుందనీ కాదు. 1983లో వచ్చిన యమహా డీఎక్స్7లో కూడా పదహారు అక్షరాల రెండు వరసల తెరే. ఆ చిన్న కిటికీలోంచి లోపలి శబ్దాలను మలచడం కష్టమై, ఎక్కువమంది కంపెనీ ఇచ్చిన శబ్దాలతోనే సరిపెట్టుకున్నారు. ఆ దశాబ్దపు పాటల్లో ఒకే ఎలక్ట్రిక్ పియానో మళ్ళీ మళ్ళీ వినిపించడానికి అదొక కారణం. అందుకే తెరే వద్దనే ఛాందసులూ ఉన్నారు, నాబ్‌లు చాలట. వాళ్ళతో తగువు ఇంకోసారి.

ఇదంతా తెల్లవాళ్ళ కాలక్షేపం అనేవాళ్ళకు ఒక్క మాట. రాబర్ట్ మూగ్ సింథసైజర్లకు ముందు థెరెమిన్ అనే ఎలక్ట్రానిక్ వాయిద్యం కిట్లు అమ్మాడు, కొన్నవాళ్ళు ఇంట్లో సోల్డర్ చేసుకున్నారు. ఆయన మాడ్యులర్ సింథ్ 1969లోనే అహ్మదాబాద్‌లోని జాతీయ డిజైన్ సంస్థ ఎన్ఐడీకి చేరింది, సంగీతజ్ఞురాలు గీతా సారాభాయ్ లాంటివాళ్ళు దాని మీద పనిచేశారు. బెంగళూరులో విమానాల సంస్థ హెచ్ఏఎల్ ఇంజినీరు రాజ్ నారాయణ్ కట్టిన ఎలక్ట్రానిక్ తంబుర ఈరోజు ఎన్ని సంగీతం క్లాసుల్లో మోగుతోందో వేరే చెప్పనక్కర్లేదు. దాన్ని కట్టినాయన సర్క్యూటు తెలిసిన వేణువు విద్వాంసుడు. ఒరిజినల్ తంబుర ఉండగా ఇదెందుకని ఆయన్నీ అడిగే ఉంటారు.

టైమ్ లేదనే అభ్యంతరం ఒక్కటే గౌరవించదగ్గది. రేపు కచేరీ ఉంటే నేనూ ఇంకో తెర తగిలిస్తాను. బాగుందని తెలిసిన తెరను ఒకసారి తగిలించి చూడటం పరీక్షే. తీగలు చూడకుండా, పాట్ తిప్పకుండా, వోల్టేజీ కొలవకుండా కొత్తది కొనడం పరీక్ష కాదు, మొక్కు. ఆ మొక్కు తీరకపోతే తప్పు షాపువాడిది.

నా బల్ల కింద బిస్కెట్ల రేకు డబ్బా ఒకటి ఉంది. స్నేహితులు పోయాయని పారేయబోతే అడిగి తెచ్చుకున్న తెరలన్నీ అందులోనే. ఒక్కొక్కటే తగిలించి చూశాను. ఒక ఓలెడ్ తప్ప అన్నీ వెలిగాయి. ఆ ఓలెడ్ కూడా నా చేతికి వచ్చినప్పుడు బాగానే ఉంది. కొన్ని బోర్డుల మీద గ్రౌండు కాలు ముందుంటుంది, కొన్నిటి మీద పవర్ కాలు ముందుంటుంది. అచ్చు చదవకుండా, అలవాటు చొప్పున తగిలించాను.