వాడరేవుకు వెళ్లే కుటుంబానికి

గుంటూరు, నరసరావుపేట, చిలకలూరిపేట ప్రాంతాల పల్లెవాసులకు సముద్రమంటే మొదట గుర్తుకు వచ్చేది వాడరేవు. పత్తి తీతలు ముగిసి, కల్లాల్లో ఆరిన మిరప టిక్కీలకెక్కి యార్డుకు చేరిన తరువాత చేతిలో నాలుగు డబ్బులు, ఎదుట నాలుగు రోజుల తీరిక ఉన్న కుటుంబం బండి మాట్లాడుకొని బయలుదేరేది అటువైపే. రంజాన్ పండుగ మరునాడైతే కొత్త దుస్తులు విప్పకుండానే పిల్లలు ‘సముద్రం, సముద్రం’ అని వెంటపడతారు. చీరాల రైల్వేస్టేషన్ నుంచి తీరం ఆరేడు కిలోమీటర్లు మాత్రమే. పిడుగురాళ్ల నుంచి నరసరావుపేట, చిలకలూరిపేటల మీదుగా వచ్చే జాతీయ రహదారి కూడా ఇక్కడే ముగుస్తుంది. పూర్వం ప్రకాశం జిల్లాలో ఉన్న ఈ గ్రామం 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లాలో చేరింది. ఓడరేవు అనే పేరు కూడా దీనికి వాడుకలో ఉంది. ఒకనాడు ఓడలు ఆగిన చోటని ఆ పేరే చెబుతుంది.

ఇంత దూరం వచ్చి మనం చూసేదేమిటి? మూడు గంటలు నీళ్లలో, ఒక గంట బిర్యానీ దగ్గర, తరువాత తిరుగు ప్రయాణం. ఆ ఇసుకకు అటూ ఇటూ పాతిక కిలోమీటర్ల లోపల ఏముందో అడిగేవారు అరుదు. అది ఒక లోటు. ఆ మూడు గంటల్లోనే పొంచి ఉన్న ప్రమాదాన్ని ఎరుగకపోవడం అంతకంటె పెద్ద లోటు. కనుక ఈ నెల శీర్షికలో ముందు నీళ్ల సంగతి, తరువాతనే ఊళ్ల సంగతి.

వాడరేవు, దాని పక్కనే ఉన్న రామాపురం, బాపట్ల వైపు సూర్యలంక, ఈ మూడు తీరాలలోనూ సెలవు దినాలలో యువకులు కొట్టుకుపోయారన్న వార్త లేకుండా సంవత్సరం గడవడం అరుదు. వరుస మరణాల తరువాత కొన్నాళ్లు సందర్శకులను తీరానికి అనుమతించని సందర్భాలు కూడా ఉన్నాయి. చనిపోయినవారిలో ఈత వచ్చినవారూ ఉంటారు. కారణం అల పెద్దది కావడం ఒక్కటే కాదు. అలలు ఒడ్డుకు మోసుకువచ్చిన నీరు తిరిగి సముద్రంలోకి పోవాలి. నీటి అడుగున ఇసుక మేటల మధ్య ఎక్కడ పల్లం దొరికితే అక్కడ ఆ నీరంతా ఒక పాయగా కూడి వేగంగా లోపలికి పరుగెత్తుతుంది. ఆ పాయ మీద అలలు అంతగా విరగవు. నురుగు తక్కువ. పక్కనున్న నీటికంటె రంగు కాస్త ముదురుగా, చూపుకు ప్రశాంతంగా ఉంటుంది. ‘ఇక్కడ అల తక్కువగా ఉంది’ అని చిన్నపిల్లల చేయి పట్టుకొన్న తండ్రి ఎంచుకొనే చోటు సరిగ్గా అదే కావచ్చు.

ఈ పాయ మనిషిని కిందికి లాగదు. ఒడ్డుకు దూరంగా తీసుకుపోతుంది. దానికి ఎదురీదినవాడు కొద్దిసేపట్లోనే అలసిపోతాడు. ఒడ్డుకు సమాంతరంగా, అంటే పక్కకు ఈదితే కొద్ది దూరంలోనే దాని పట్టు విడిపోతుంది. ఈత రానివారు బెదరకుండా వెల్లకిలా తేలుతూ చేయి పైకెత్తి పిలవాలి. ఒడ్డున ఉన్నవారు వెంటనే నీళ్లలోకి దూకడం ప్రమాదకరం. తమ్ముణ్ణి కాపాడబోయి అన్న, ఆ ఇద్దరి కోసం స్నేహితుడు, ఇలా ఒకే ఇంటి నుంచి, ఒకే వీధి నుంచి ఇద్దరు ముగ్గురు పోవడానికి కారణం ఇదే. మూత బిగించిన ఖాళీ ఇరవై లీటర్ల నీళ్ల క్యాను ఒక మనిషిని తేల్చి ఉంచగలదు. దానికి ఒక పొడవాటి తాడు కట్టి బండిలో వేసుకొని వెళ్లండి. బిర్యానీ డేక్సాకు చోటు దొరికిన బండిలో దానికి దొరకదా? నీళ్లలో దిగేముందు ఒడ్డున వలలు బాగుచేసుకొంటున్న వేటగాళ్లను ‘ఎక్కడ దిగవచ్చు’ అని అడగండి. రోజూ ఆ నీళ్లను చూసేవారు వారే.

రంజాన్ పండుగకు వచ్చేవారు మరొక సంగతి గమనించాలి. ఆ పండుగ ఎప్పుడూ నెలవంక కనిపించిన మరునాడే, అంటే అమావాస్యకు ఒకటి రెండు రోజుల తేడాలోనే వస్తుంది. సూర్యచంద్రుల ఆకర్షణ ఒకే వరుసలో కలిసే ఆ రోజుల్లో ఆటుపోట్ల తేడా నెలలోకెల్లా ఎక్కువగా ఉంటుంది. పౌర్ణమి దగ్గరా అంతే. మోకాలి లోతు ఉన్న చోటు కొన్ని గంటల్లోనే నడుము లోతు కావచ్చు. పండుగ జనం అందరూ నీళ్లలో ఉండే రోజు, నీరు నిలకడగా ఉండని రోజు, రెండూ ఒకటే అవుతున్నాయన్నమాట.

స్త్రీల విషయం ఒక మాట చెప్పాలి. మన కుటుంబాలు సముద్రానికి వెళ్లినప్పుడు చెప్పులకు, సంచులకు, టిఫిన్ డబ్బాలకు కాపలాగా మిగిలేది తల్లులు, అత్తలు, ఆడపిల్లలు. ఇది నాకు ఎన్నడూ సబబుగా తోచలేదు. తెల్లవారుజామున వెళితే ఈ చిక్కు సగం తీరుతుంది. అప్పుడు తీరంలో జనసమ్మర్దం ఉండదు, ఎండ ఉండదు, సూర్యోదయం సముద్రంలో నుంచే కనిపిస్తుంది. తీరం వెంట నడిచే ఆ గంటసేపు ఇంటి ఇల్లాలికి ఏడాదిలో దొరికే ఏకైక తీరిక కావచ్చు. అయితే తడిసిన బుర్ఖా గాని, చీర గాని బాగా బరువెక్కి, అల వెనక్కి పోయేటప్పుడు కాళ్లకు చుట్టుకొంటుంది. పాదాలు తడిసే లోతు దాటకపోవడమే క్షేమం.

నమాజు వేళ జాగ్రత్త మరొకటి ఉంది. దీన్ని ఎవరైనా చెప్పగా నేను వినలేదు. ఆంధ్ర తీరంలో ఖిబ్లా పడమటి దిక్కున, కొంచెం వాయవ్యానికి మొగ్గి ఉంటుంది. వాడరేవులో సముద్రం తూర్పు, ఆగ్నేయ దిశల్లో ఉంది. అంటే ఇసుక మీద జమాత్‌గా నిలబడిన పెద్దలందరి వీపూ సముద్రం వైపు తిరిగి ఉంటుంది. పిల్లలు ఆడుకొనేది ఆ వీపుల వెనుకనే. సజ్దాలో ఉన్న తండ్రికి అల చప్పుడు వినిపిస్తుంది గాని అలలోకి నడిచిన బిడ్డ కనిపించదు. కనుక అందరూ ఒకేసారి నిలబడకుండా రెండు జమాత్‌లుగా చేసుకొని, ఒక వంతు వారు పిల్లలను కనిపెట్టి ఉండడం మంచిది. ఖస్ర్‌కు దూరం సరిపోతుందా లేదా అన్న సందేహం ఉన్నవారు బయలుదేరేముందే తమ మస్జిద్ ఇమాం గారిని అడిగి తెలుసుకోవాలి.

వేసవి సెలవుల్లో వెళ్లేవారికి తీరమంతటా మరపడవలు ఇసుక మీద బారులు తీరి కనిపిస్తాయి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, చేపలు గుడ్లు పెట్టే కాలమని, 61 రోజులు మరపడవల వేటను నిషేధిస్తారు. ఆ పడవల నీడలో కూర్చొని వలలు అల్లేవారికి అది సెలవు కాదు. రాబడి ఆగిపోయిన కాలం. వారి వలల మీద పిల్లలను ఆడనివ్వడం, తిన్న ప్లాస్టిక్ పళ్లేలను అక్కడే విసిరిరావడం మర్యాద కాదు. ఆ పళ్లేలు రేపు వారి వలల్లోనే చిక్కుతాయి.

ఇక ఊళ్లు. వాడరేవు నుంచి తీరం వెంట నైరుతి దిశగా, చినగంజాం మండలంలో మోటుపల్లి ఉంది. నేడు అది చిన్న గ్రామం. కాకతీయుల కాలంలో ఆంధ్రదేశపు ప్రధాన రేవు అదే. అక్కడి వీరభద్రాలయంలో కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతంలో వేయించిన అభయ శాసనం ఉంది. అంతకుముందు తుఫానుకు దారి తప్పి తమ తీరానికి కొట్టుకువచ్చిన ఓడల సరుకును రాజులు బలవంతంగా లాగేసుకొనేవారు. గణపతిదేవుడు ఆ పద్ధతిని మాన్పించాడు. సముద్రం మీద ప్రయాణించేవారు ధనం కోసం ప్రాణాన్నే పణంగా పెట్టి వస్తున్నారు, అట్టివారి సొత్తు తీసుకోరాదు, నియత సుంకం మాత్రమే తీసుకోవాలి అన్నది ఆ శాసనంలోని భావం. ఆ సుంకం సరుకులో ముప్పయ్యో వంతు. దీవుల నుంచి, దేశాంతరాల నుంచి, పట్టణాల నుంచి వచ్చే వర్తకులందరికీ ఈ అభయం. ఎవరి మతమేమిటి, ఎవరి దేశమేమిటి అన్న ప్రసక్తి లేదు. కాకతీయుల తరువాత రెడ్డిరాజు అనవోతారెడ్డి 1358లో మోటుపల్లి వర్తకులకు మళ్లీ శాసనం ద్వారా భరోసా ఇచ్చాడు. శ్రీనాథుడు తన హరవిలాసాన్ని అంకితమిచ్చిన అవచి తిప్పయసెట్టి రెడ్డిరాజులకు విదేశీ సరుకులు తెప్పించిన వర్తకుడే. ఆ కావ్యంలో వినిపించే హురుమంజి మరేదో కాదు, పర్షియా సింధుశాఖ ముఖద్వారాన ఉన్న హుర్ముజ్. గుర్రాలకు పేరుపొందిన రేవు అది.

పదమూడవ శతాబ్ది చివర వెనీసు యాత్రికుడు మార్కోపోలో ఈ రాజ్యాన్ని ముట్ఫిలి అని పేర్కొన్నాడు. మోటుపల్లి పేరే ఆయన నోట అలా మారింది. ఒక రాణి న్యాయంగా పాలిస్తున్నదని, ఇక్కడి సన్నని వస్త్రాలు సాలెగూడు వలె ఉంటాయని రాశాడు. ఆ రాణి రుద్రమదేవి అని చరిత్రకారుల నిర్ణయం. ఆలయ మర్యాదను పాటించి, అక్కడివారిని అడిగి ఆ శాసనాన్ని పిల్లలకు చూపించండి. పాఠ్యపుస్తకంలో రెండు పంక్తులుగా చదివినది రాతి మీద చెక్కి ఉండగా చూడటం వేరు.

ఆ వస్త్రాల మాటతోనే తిరిగి చీరాలకు రావాలి. చీరాలను నేడు కుప్పడం చీరలకు, పట్టు నూలు కలిపి నేసిన చీరలకు ఎరుగుదుము. కాని ఒకప్పుడు ఈ ఊరి పేరును సముద్రాల ఆవలికి మోసినది తేలియా రుమాలు. ఇది చదరపు గుడ్డ. ఎరుపు, నలుపు, తెలుపు రంగుల్లో గళ్లు, పూలు, నక్షత్రాలు. పడుగుకూ పేకకూ రెండింటికీ నేతకు ముందే చిటికి కట్టి రంగులు అద్దుతారు. మగ్గం మీద పోగు పోగుకు కలిస్తేనే బొమ్మ కుదురుతుంది. ఒక్క పోగు జరిగినా చెదిరిపోతుంది. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద నీటిలో మళ్లీ మళ్లీ నానబెట్టి ఆరబెట్టడం వల్ల రంగు గట్టిగా పట్టేది. గుడ్డకు ఒక విధమైన నూనె వాసన ఉండేది. తేలియా అన్న పేరు ఆ నూనెవల్లనే. ఇక్కడి బెస్తలు దాన్ని తలపాగాగా, లుంగీగా కట్టారు. అరబ్బు దేశాల్లో ఎండవేళ తలకు చల్లగా ఉంటుందని అదే గుడ్డను తలకు చుట్టుకొన్నారు. హైదరాబాదు దివాణాల స్త్రీలు దాన్నే ఓణీగా వేసుకొన్నారు. ఒకే చీరాల మగ్గం మీది గుడ్డ వేటగాడి నడుముకూ, అరబ్బు బాటసారి తలకూ, బేగం భుజానికీ సరిపోయిందంటే ఆ నేతగాళ్లను ఏమని మెచ్చుకోవాలి!

ఇప్పుడు ఆ విద్య నిలిచినది ప్రధానంగా తెలంగాణలోని పుట్టపాకలో. 2020లో భౌగోళిక గుర్తింపు లభించినదీ పుట్టపాక తేలియా రుమాలుకే. పుట్టింట చీరాలలో దాని జాడ దాదాపు చెరిగిపోయింది. గుడ్డకు గిరాకీ పడిపోవడం, అంత శ్రమకు తగిన కూలి గిట్టకపోవడం, మరమగ్గం చవకగా అచ్చు గుడ్డను అందించడం, ఇవన్నీ కలిసి చేసిన పని ఇది. చీరాలలో చీర కొనేవారు ‘చేనేతేనా’ అని ఒకసారి అడగాలి. అడిగేవారు లేకపోతే దుకాణదారు మాత్రం ఎందుకు తెప్పిస్తాడు? పత్తి ఏకి, దూది పింజి బతికిన కుటుంబాలు మన పాఠకుల్లో ఎందరో ఉన్నారు. పింజిన దూది మగ్గం దాకా చేరిన దారి వారికి ప్రత్యేకించి చెప్పనక్కరలేదు.

ఈ చీరాల ప్రజలే 1921లో పురపాలక పన్నుల భారానికి నిరసనగా, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వాన ఇళ్లు విడిచి ఊరి వెలుపల రామనగర్ అనే గుడిసెల ఊరు కట్టుకొని సుమారు పదకొండు నెలలు గడిపారు. చీరాల పేరాల ఉద్యమంగా పిల్లలు చదివేది అదే.

చీరాల పక్కనే వేటపాలెం. జీడిపప్పుకు పేరు. పప్పు కొనేటప్పుడు ఒక్క క్షణం దాన్ని ఒలిచిన స్త్రీల చేతులను తలచుకోండి; జీడి గింజల పైపెంకులోని రసం చర్మాన్ని కాల్చివేస్తుంది. అదే ఊరిలో 1918లో స్థాపించిన సారస్వత నికేతనం గ్రంథాలయం ఉంది. పాత తెలుగు పత్రికల సంచికల కోసం పరిశోధకులు దూరప్రాంతాల నుంచి అక్కడికి వస్తారు. 1929లో గాంధీజీ వచ్చిన గుర్తుగా ఆయన చేతికర్రను భద్రపరిచారు. చదువుకొనే పిల్లలున్న ఇంటివారు ఒక గంట అక్కడ గడిపితే చాలు. సూర్యలంక బాపట్ల దాటి తొమ్మిది కిలోమీటర్లు. అక్కడ ఉన్నదీ సముద్రమే గనుక వాడరేవు చూసినవారు అదే రోజు అక్కడికీ పరుగెత్తనవసరం లేదు.

వేకువన తీరం, ఎండ ముదరకముందే వేటపాలెం, మధ్యాహ్న భోజనం తరువాత మోటుపల్లి, అస్ర్ తరువాత చీరాల బజారు. ఈ వరుసలో వెళితే ఒక పగలు సరిపోతుంది. సాయంత్రపు జనం నీళ్లలోకి దిగే వేళకు మీరు తీరానికి దూరంగా, చీరల దుకాణంలో ఉంటారు.

బయలుదేరేముందు ఇంట్లో నానమ్మ, అమ్మమ్మల పాత పెట్టెను ఒకసారి తెరిపించండి. తాతగారెవరో తలకు చుట్టుకొన్న ఎరుపు నలుపు గళ్ల గుడ్డ, ఉతికినా పోని నూనె వాసనతో, అడుగున ఉండవచ్చు. ఉంటే అది ఎవరిది, ఎక్కడ కొన్నది, మీ ఇంటికి ఎలా చేరినదో ఈ శీర్షికకు రాసి పంపండి.