ఈసారి విహారయాత్ర నాగార్జునకొండకు

ఏటేటా విహారయాత్ర మాట వచ్చినపుడు మన పాఠశాలలో జరుగు చర్చ అందరికిని తెలిసినదే. ఒకరు హొగేనకల్లు అందురు, ఒకరు తిరుపతి అందురు, మరియొకరు మైసూరు అందురు. తుదకు బస్సు బాడుగయే తీర్పు చెప్పును. తిరిగివచ్చిన పిమ్మట వ్రాయించు వ్యాసములలో బస్సులో పాడిన పాటలును, దారిలో తిన్న పులిహోరయు తప్ప వేరొకటి కానరాదు. మనము చూచినది తక్కువ కాదు. నిలిచి చూచినది తక్కువ. అందుచేత ఈసారి నాగార్జునకొండకు పోవలెనని మేము కోరుచున్నాము.

నాగార్జునకొండ నేడు ద్వీపము. పూర్వమది కృష్ణానది కుడిగట్టున, నల్లమల కొండల నడుమనున్న ఒక లోయకు కావలి కాచిన కొండ. క్రీస్తుశకము 3, 4 శతాబ్దములలో ఆ లోయయందు ఇక్ష్వాకు రాజుల రాజధానియగు విజయపురి వర్ధిల్లెను. పిమ్మట అది శిథిలమై అడవి పాలయ్యెను. 1926లో ఆ ప్రాంతపు బడిపంతులొకరు, సూరపరాజు వెంకటరామయ్యగారు, అక్కడ ఒక పురాతన స్తంభమును చూచి, దానిని సామాన్యమైన రాయిగా విడువక, మద్రాసు ప్రభుత్వమునకు తెలియజేసిరి. అటుపిమ్మట శాసనశాఖవారు వచ్చిరి. 1927 మొదలు 1931 వరకు లాంగ్‌హర్స్టు దొర త్రవ్వించెను. ఇన్ని సంగతులకు మొదలు ఒక ఉపాధ్యాయుని చూపు. పాఠశాల పత్రికలో ఈ మాట పెద్ద అక్షరములతో అచ్చువేయదగినదని మా తలంపు.

1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూగారు నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసిరి. ఆనకట్ట లేచినచో లోయ మునుగుట నిశ్చయము. ఆర్. సుబ్రహ్మణ్యముగారి నాయకత్వమున 1954 నుండి 1960 వరకు లోయ అంతయు శోధింపబడెను. స్తూపములు, విహారములు, స్నానఘట్టము, వీథులు కొలిచి పటములు గీచిరి. ముఖ్యమైన కొన్నిటిని రాతికి రాయిగా విడదీసి కొండపైకిని, తూర్పు ఒడ్డున అనుపు అను చోటికిని తరలించిరి. కొండపై ప్రదర్శనశాల 1966లో తెరువబడెను. లోయలోని పల్లెలవారును ఇండ్లు విడిచి వేరుచోట్లకు పోయిరి. వారి ఇండ్లను రాతికి రాయిగా ఎవరును తరలింపలేదు. ఆ నీటి వలన లక్షల ఎకరములు పండుచున్నవనుటయు నిజమే. మన కృష్ణగిరి ఆనకట్టయు 1957లో తెరువబడినదే కనుక, నీటి విలువ మనకు ఒకరు చెప్పనక్కరలేదు. ఐనను నీటిక్రింద నేమున్నదో అడుగుట తప్పు కాదు.

విజయపురి దక్షిణపు రేవునుండి లాంచీలో సుమారు ఒక గంట పోవలెను. దీవి మీద నడక సులభము. ముసలివారును, చిన్న తరగతి పిల్లలును అలయక ఒక పూటలో చుట్టిరాగలరు. శుక్రవారము ప్రదర్శనశాలకు సెలవు. లాంచీ నడుచునో లేదో బయలుదేరుటకు ముందే విచారించుకొనవలెను. వేసవి పనికిరాదు, ఆ రాళ్లమీద అరికాళ్లు నిలువవు. సులభమైన నడకకు ఒక చిక్కు కలదు. కష్టపడి ఎక్కిన కొండమీద మనము కొంతసేపు నిలిచెదము. సులభముగా చేరినచోట గంటలోనే లాంచీ కూత వినబడునా యని చెవియొగ్గెదము. కావున ఉదయపు లాంచీలో పోయి సాయంకాలపు లాంచీలో రావలెనని మా పట్టు.

అక్కడ నిలిచి చూడవలసినవి కలవు. నది అంచుననుండిన స్నానఘట్టపు మెట్లు నేడు కొండమీద, నీరు లేనిచోట నున్నవి. రాతి గుండ్లు వలయముగా పేర్చిన ఆదిమకాలపు సమాధియు పైకి తెచ్చి నిలుపబడినది. మన జిల్లాలోనే మల్లచంద్రము గుట్టమీద అట్టి పురాతన శిలాసమాధులు ఉన్నవని ఎందరికి తెలియును? విజయపురిలో దొరకిన ఛాయాస్తంభములు మరింత గమనింపదగినవి. అవి చనిపోయినవారి జ్ఞాపకార్థము నిలిపినవి. రాజునకే గాక సేనానులకును, మడిసిన భటులకును, పనివారి పెద్దకును అట్టి గౌరవము దక్కెను.

వన్యమృగముల మాటయు చెప్పవలెను. ప్రభుత్వపు లెక్కలో ఈ దీవి జాతీయోద్యానము కాదు. కాని జలాశయమును చుట్టియున్న నల్లమల అడవులలో 1983 నుండి పులుల రక్షణ జరుగుచున్నది. విస్తీర్ణమున మన దేశపు పులుల అరణ్యములలో అది మొదటిది. పులి కనబడునని ఎవరికిని ఆశ పెట్టము. నీటికాకులు, కొంగలు, లకుముకి పిట్టలు కనబడిన చాలును. ఎత్తిపోతల జలపాతము దగ్గర మొసళ్లను పెంచు కేంద్రమును చూడవచ్చును. మన ప్రాంతమున వన్యమృగమనగా రాత్రి రాగిచేనిలో పడిన ఏనుగు. మంచెమీద నిద్రలేక కూర్చున్న తండ్రి. ఏనుగులు హొసూరు వైపు అడవులనుండి 1980 తరువాతి ఏండ్లలో చిత్తూరు జిల్లాకు పోగా, వాటికొరకు 1990లో కౌండిన్య అభయారణ్యము ఏర్పడెను. వాటి దారి మన పొలిమేరలదే. మృగమును భయము లేక ఒక దినమైనను చూచుట మన పిల్లలకు అవసరము.

ఇక ఆక్షేపణలు. తమిళనాట చదువు పిల్లలకు ఆంధ్రదేశపు రాళ్లెందుకని కొందరు అందురు. అది మన తెలుగువారి ఘనతయని ఉప్పొంగువారు మరికొందరు. ఇరువురి మాటయు మాకు సమ్మతము కాదు. అక్కడి శాసనములలో హెచ్చుపాలు ప్రాకృతభాషలో, బ్రాహ్మీలిపిలో నున్నవి. ఆ బ్రాహ్మి నుండియే తెలుగు లిపియు, తమిళ లిపియు పుట్టినవి. వీరపురుషదత్తుని 14వ ఏట బోధిసిరి అను ఉపాసిక వేయించిన శాసనమున, సింహళ స్థవిరులు ధర్మము బోధించిన దేశముల పట్టిక కలదు. కాశ్మీరము, గాంధారము, చీనా, వంగము, వనవాసి మున్నగు పేర్ల వరుసలో దమిళ దేశమును పండితులు చదివిరి. ఇంట తెలుగు, సంతలో తమిళము, ఎల్ల దాటిన కన్నడము మాటలాడు మనకు ఆ పట్టిక చదువుట క్రొత్త కాదు.

దూరము, ఖర్చు అను ఆక్షేపణ మాత్రము న్యాయమైనది. ఒక రాత్రియు పగలును ప్రయాణము. కూలి చేసి చదివించు తల్లిదండ్రులకు అది భారము. అందుచే రెండేండ్లకొకసారి పోవుదము. మొదటి ఏడు ఇక్కడనే నడువవచ్చును. 1993లో స్థాపింపబడిన కృష్ణగిరి ప్రభుత్వ ప్రదర్శనశాలలో వీరగల్లులు కలవు. ఆవుల మందలను కాపాడుచు మడిసినవారు, పులితో పోరాడి చచ్చినవారు ఆ రాళ్లమీద నిలిచియున్నారు. పొలముల గట్లమీద, చింతచెట్ల క్రింద ఇంకను కొన్ని ఉన్నవి. కొన్నిటిని వేడియప్పన్ అని పూజింతురు; కొన్ని గోడలలోనికిని, కాలువలలోనికిని పోవుచున్నవి. ప్రతి విద్యార్థియు తన ఊరి రాతి నొకదానిని చూచి, ఎత్తు కొలిచి, బొమ్మ గీచి, ఊరి పెద్దలు చెప్పు కథను వ్రాసి తేవలెను. రాతిని కదలింపరాదు, సున్నము పూయరాదు. అట్టి పుస్తకము తెచ్చినవారికే నాగార్జునకొండ బస్సులో ముందు చోటు ఈయవలెనని ప్రధానోపాధ్యాయులవారికి మనవి చేయుచున్నాము. దసరా సెలవులకు ముందే ఊరి పేర్ల పట్టిక తయారైనచో, జనవరి నెలలో బస్సు మాటలాడవచ్చును.