నడక చాలునా?

నడుము నొప్పి వచ్చినవానికి మన కోనసీమలో మొదట లభించునది మందు కాదు, సలహా. "కదలక పడుకో నాయనా" అని ఇంటి పెద్దలు, "ఇక జన్మలో బరువు ముట్టుకోకు" అని పొరుగువారు, "వంగితే అంతే సంగతులు" అని అమలాపురం బస్సులో పక్క సీటువారు చెప్పుదురు. కొంతకాలము క్రిందట కాట్రేనికోనలో మా ఇంటి పెరటిలోని కొబ్బరికాయల గోనె నొకదానిని అరుగు మీదికి ఎత్తబోయి, మేమును ఈ సలహాలన్నింటికి పాత్రులమైనాము. మూడు వారములు మంచము దిగలేదు. లేచిననాడు నడుము కంటె ముందుగా కాళ్ళు వణకినవి.

మంచమే మందు అను నమ్మకము వైద్యులలో ఏనాడో చెదరినది. 1995లో ప్రకటింపబడిన ఒక పరిశీలనలో, ఫిన్లాండు దేశమునందలి హెల్సింకి నగరపాలక ఉద్యోగులు 186 మందిని మూడు తెగలుగా విభజించినారు. ఒక తెగను రెండు దినములు పడుకోబెట్టినారు; ఒక తెగచేత వీపు వ్యాయామములు చేయించినారు; మూడవ తెగను ఓపినంత మేరకు మామూలు పనులు చేసికొమ్మన్నారు. త్వరగా కోలుకొన్నది మూడవ తెగ. అందరికంటె వెనుకబడినది మంచము పట్టినవారే. మమ్ము పరీక్షించిన డాక్టరుగారు కూడ "లేచి నడవండి మాస్టారూ" అనియే చెప్పినారు.

నడిచినాము. మొదటి దినమున మా వాకిలి నుండి కాలువ తూము వరకు. నెల తిరుగునప్పటికి గట్టు వెంబడి అరగంట. చిక్కు అక్కడనే వచ్చినది. ఎనిమిది నెలలు ఆ అరగంట దగ్గరనే నిలిచిపోయినాము. నడక మాకు వ్యాయామముగా కాక, దాగుకొను చోటుగా మారినది. మూడేండ్ల మా పాప చేతులు చాచినచో ఎత్తుకొనక, కుర్చీలో కూర్చుండి ఒడిలోనికి రమ్మనెడివారము. నమాజులో రుకూకు వంగునపుడు నొప్పి లేకున్నను, వచ్చునేమోయని ఊపిరి బిగబట్టెడివారము. నడుమునకు బెల్టు లేనిదే గడప దాటలేదు.

నడకను తక్కువ చేయుట మా ఉద్దేశము కాదు. ఆస్ట్రేలియాలోని మాక్వారీ విశ్వవిద్యాలయమువారు నడుము నొప్పి నుండి కోలుకొన్న 701 మందిని పరిశీలించి, 2024లో ఫలితములు ప్రకటించినారు. క్రమముగా నడక పెంచుకొన్నవారిలో నొప్పి తిరుగబెట్టుటకు పట్టిన మధ్యమ కాలము 208 దినములు, ఆ కార్యక్రమము ఇవ్వబడనివారిలో 112. ఖర్చు లేని నడకకు ఇది గొప్ప ఫలితమే. కాని ఆ లెక్కనే మరియొక వైపు నుండి చదువవలెను. నడిచినవారిలో సైతము సుమారు సగము మందికి ఏడు నెలలలో నొప్పి మరల వచ్చినదన్నమాట! నడకలో నడుము మోయునది మన శరీర భారమును మాత్రమే. బస్తా ఎత్తవలసిన నడుమునకు, బిడ్డ నెత్తుకొనవలసిన నడుమునకు ఆ శిక్షణ చాలదు.

ఈ మాట మాకు అర్థము చేయించినవారు అమలాపురములోని ఒక ఫిజియోథెరపిస్టుగారు. ముందుగా చాప మీద మోకాళ్ళు, అరచేతులు ఆన్చి, ఒక చేతిని, దానికి ఎదురు కాలిని చాచి పది సెకన్లు నిలుపుట. వెల్లకిల పడుకొని నడుము లేపుట. చేతులాన్చకుండ కుర్చీ నుండి లేచుట. తరువాత మెట్ట ఎక్కుమన్నారు. సముద్రమట్టమునకు జానెడెత్తున నున్న మన మండలములో మెట్ట యెక్కడిది? కుండలేశ్వరము పోయి ఏటిగట్టు ఎక్కి దిగినాము. అటుపిమ్మట బకెట్టు. తూకపురాళ్ళ కంటె బకెట్టే మేలని మా అనుభవము, ఏలనన బరువును చెంబెడు చెంబెడుగా పెంచవచ్చును. మొదట పీట మీది నుండి, పిదప నేల మీది నుండి ఎత్తినాము. ఒక వారము తొందరపడి ఒకేసారి మూడు చెంబులు పెంచగా నొప్పి మూడు దినములు పీడించినది. అప్పుడు మంచమెక్కలేదు, వెనుకటి వారపు కొలతకు దిగినాము. మరునాటి ఉదయమునకు తగ్గు నొప్పికి భయపడనక్కరలేదు. పెరిగినచో ఒక మెట్టు దిగవలెను. కాలు తిమ్మిరెక్కి బలము తగ్గినను, మూత్రము అదుపు తప్పినను, చెట్టు మీది నుండి పడినను అది వ్యాయామముతో తీరునది కాదు, వెంటనే ఆసుపత్రికి పోవలెను.

"బరువులు నడుమునకు మంచివైనచో, దింపు కార్మికులకు, ఒలుపు కార్మికులకు నడుము నొప్పి ఏల?" అని ఒక విద్యార్థి మమ్మడిగినాడు. మంచి ప్రశ్న. వారు ఎత్తు బరువును నిర్ణయించునది వారి నడుము కాదు, కాయల రాశి. నొప్పి వచ్చిననాడు మెట్టు దిగు స్వేచ్ఛ వారికి లేదు. దిగినచో ఆనాటి కూలి పోవును. ఆ ప్రశ్న వేసినవాడు సెలవులలో తండ్రితో ఒలుపునకు పోవును. నిరుడు నడుము పట్టి, వ్యాయామ తరగతి నుండి మినహాయింపు పొందినాడు. అందరు ఆడుచుండగా చెట్టు క్రింద కూర్చుండును. సెలవులు రాగానే అదే రాశి ముందు వంగును. కళాశాల వానిచేత బరువెత్తనీయదు. ఇల్లు వానిచేత ఎత్తించక మానదు. మధ్య మెట్లు వానికి ఎవ్వరును చూపలేదు.

అందుచేత కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపము. వైద్యుని చీటీపై ఏడాది పొడుగున ఇచ్చు మినహాయింపును మాని, నెలకొకసారి తిరిగి చూడవలెను. ఆ విద్యార్థి వైద్యుని అనుమతితో, వ్యాయామోపాధ్యాయుని యెదుట, నడక నుండి చాపకు, చాప నుండి బరువునకు జరుగవలెను. విద్యార్థినులకు సాయంకాలము ఒక గంట మైదానమును విడిగా కేటాయించవలెను. ఊరి గట్టు మీద వారు నిశ్చింతగా నడవలేని మాట అందరికి తెలిసినదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో దీర్ఘకాలిక నడుము నొప్పికి వ్యాయామమును సూచించి, బెల్టులు వలదన్నది. ఇక ఖర్చందురా? నాలుగు చాపలు, ఆరు బకెట్లు, కొన్ని గుడ్డసంచులు. సంచులలో నింపుటకు ఇసుక మన తీరమున ఊరకే దొరకును.