సముద్రం లేని ఊరి యుద్ధనౌకలు

కోయంబత్తూరుకు సముద్రం లేదు. ఊరి పక్కన పారే నొయ్యల్ కూడా ఏడాదిలో చాలా నెలలు సన్నటి పాయగానే ఉంటుంది. అయినా 1942 నుంచి 1946 దాకా ఆ ఊరి శివారు పీలమేడులో బ్రిటిష్ రాజుగారి నౌకాదళానికి ఒక ‘నౌక’ ఉండేది. దాని పేరు హెచ్.ఎం.ఎస్. గరుడ. లంగరూ లేదు, చుక్కానీ లేదు. యుద్ధ విమానాలకు మరమ్మతులు చేసే పెద్ద కర్మాగారం అది. 1944లో మద్రాసు పక్కన తాంబరంలో హెచ్.ఎం.ఎస్. వల్లూరు వెలిసింది, 1945లో పీలమేడుకు దగ్గర్లోని సూలూరులో హెచ్.ఎం.ఎస్. వైరి వెలిసింది. ఈ పేర్లు వింటే మనకు ముందు నవ్వొస్తుంది. వల్లూరు అనగానే కడప జిల్లా ఊరు గుర్తుకొస్తుంది. వైరి అంటే శత్రువు కదా, రాజుగారు తన నౌకకు తానే శత్రువని పేరు పెట్టుకున్నాడా అనిపిస్తుంది. తమిళంలో ఆ రెండూ డేగ జాతి పక్షులు. పీలమేడు, సూలూరు చుట్టుపక్కల తరతరాలుగా ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడుతూ వస్తున్న కుటుంబాల వాళ్లకు మాత్రం రెండు అర్థాలూ ఒకేసారి వినిపించి ఉంటాయి. యుద్ధనౌకల వింత పేర్లను వినోదం కింద జమకట్టి వదిలేయడం మనకు అలవాటు. అది సరికాదని నేననుకుంటున్నాను. గంభీరమైన పేరు ఏ దేశపు నౌకకైనా అతుకుతుంది. వింతగా తోచే పేరు ఒక చోటు నుంచి, ఒక జనం నోటి నుంచి వస్తుంది. అందుకే చరిత్రను భద్రపరిచే పని అటువంటి పేరే ఎక్కువ చేస్తుంది.

నేల మీద ఉన్నదాన్ని నౌక అనడమేమిటి, ఇది ఉత్త కాగితాల మాయ కాదా అని అడగవచ్చు. నిజమే, కాగితాల నుంచి పుట్టిన సంగతే. బ్రిటిష్ నౌకాదళ క్రమశిక్షణ చట్టం వర్తించాలంటే మనిషి పేరు ఏదో ఒక నౌక పుస్తకాల్లో ఉండాలి. గట్టు మీద పనిచేసే నావికుణ్ని ఆ చట్టం కిందికి తేవాలంటే గట్టునే నౌకగా ప్రకటించడం సులువు. 1804లో కరిబియన్ సముద్రంలోని మార్టినిక్ దీవి పక్కన డైమండ్ రాక్ అనే కొండరాతిని పట్టుకుని, దాని మీదికి ఫిరంగులెక్కించి, ఏకంగా యుద్ధనౌకగా నమోదు చేశారు. ఫ్రెంచివారు దాన్ని మళ్లీ పట్టుకోవడానికి ఏడాదికి పైగా పట్టింది. ఆ సంప్రదాయమే పీలమేడు దాకా వచ్చింది. అటువంటి స్థావరంలో గది నేలను డెక్ అంటారు, వంటగదిని గ్యాలీ అంటారు, గేటు దాటి బజారుకు పోవడాన్ని ఒడ్డుకు దిగడం అంటారు. కొబ్బరితోటలూ పత్తి మిల్లులూ తప్ప ఏమీ కనబడని చోట రోజూ ‘ఒడ్డుకు’ దిగిన మనుషులు వాళ్లు. చట్టం కోసం మొదలైనదే కావచ్చు, వందల మంది దాన్ని బతుకుగా బతికాక ఉత్త కాగితమని కొట్టిపారేయలేం.

యుద్ధనౌక పేరు వినగానే శత్రువు గుండె జారాలి, పిట్టల పేర్లూ పువ్వుల పేర్లూ దళం పరువు తీస్తాయి అనేది పాత అభ్యంతరం. చరిత్ర దీన్ని బలపరచదు. ‘అజేయ’ అని అర్థం వచ్చే ఇన్విన్సిబుల్ 1916 మే 31న జట్లాండ్ పోరులో పేలి రెండు ముక్కలయింది. వెయ్యి మందికి పైగా ఉన్న సిబ్బందిలో ఆరుగురే బతికారు. ‘అలుపెరుగని’ అని అర్థం వచ్చే ఇండిఫాటిగబుల్ కూడా అదే రోజు మునిగింది. రెండో ప్రపంచ యుద్ధంలో అట్లాంటిక్ సరుకు నౌకలకు కాపలా కాసిన చిన్న ఓడలకు బ్రిటిష్‌వారు తోటపూల పేర్లు పెట్టారు. వాటిలో ఒకటి ఆబ్రీషియా. రాళ్ల సందుల్లో పూసే చిన్న ఊదాపువ్వు పేరది. 1941 మే 9న జర్మన్ జలాంతర్గామి యు-110ను బాంబులతో నీటి పైకి తేలేలా చేసింది ఆ ఓడే. దాంట్లోంచి బుల్‌డాగ్ అనే ఇంకో నౌక సిబ్బంది ఎనిగ్మా యంత్రాన్నీ సంకేతాల పుస్తకాలనూ చేజిక్కించుకున్నారు. 1917లో భారతీయ సిపాయిలు బాగ్దాద్ వైపు నడుస్తుంటే టైగ్రిస్ నదిలో వాళ్లకు ముందు సాగి టర్కీ పడవలను తరిమిన బ్రిటిష్ ఓడల పేర్లు మాంటిస్, మాత్, టరాంటులా. మన మాటలో చెప్పాలంటే గొల్లభామ, చిమ్మట, సాలెపురుగు. నౌక పరువు అది చేసిన పనిలో ఉంటుంది తప్ప పేరుకున్న మీసాల్లో ఉండదు.

ఇక గరుడ, వైరి, వల్లూరు పేర్ల సంగతి. విమాన స్థావరాలకు పక్షుల పేర్లు పెట్టడం బ్రిటిష్ నౌకాదళపు ఆనవాయితీ. వాళ్ల దేశంలో కొంగ, కాకి, డేగల ఇంగ్లిషు పేర్లు పెట్టుకున్నారు. దక్షిణానికి వచ్చేసరికి ఇక్కడి భాషల్లోని పక్షులను వెతికారు. సింహళంలో గద్దజాతి పేర్లయిన ఉకుస్సా, రాజాలియా శ్రీలంకలోని కటుకురుందకూ పుత్తళానికీ దక్కాయి. కొలంబో గుర్రప్పందేల మైదానంలో కట్టిన స్థావరం హెచ్.ఎం.ఎస్. భేరుండ. ఈ పేరు దగ్గర తెలుగువాడు కాసేపు ఆగాలి. విజయనగర చక్రవర్తి అచ్యుతదేవరాయల బంగారు నాణేల మీద ముక్కులతోనూ గోళ్లతోనూ ఏనుగులను పట్టుకుని ఎగిరే రెండు తలల గండభేరుండం ఉంటుంది. ఆయన పట్టానికొచ్చిన 1529 ప్రాంతంలోనే విశ్వనాథనాయకుడు మదురైలో నాయకరాజ్యానికి పునాది వేశాడని చరిత్రకారులు చెబుతారు. ఆ రాజ్యంతోపాటే తెలుగు కుటుంబాలు వైగై నది నుంచి నొయ్యల్ దాకా పాలెగాళ్లుగా, రైతులుగా, వర్తకులుగా స్థిరపడ్డాయి. నాణెం మీది ఆ పక్షి నాలుగు వందల ఏళ్ల తర్వాత బ్రిటిష్ నౌకాదళ జాబితాలో తేలిందంటే, పేరు పెట్టిన అధికారికి ఈ చరిత్ర తెలిసే పెట్టాడని నేననను. తెలియాల్సిన పని లేదు. స్థానిక మాటను తీసుకున్నవాడికి దాని వెనకున్న చరిత్ర కూడా దానంతటదే వస్తుంది.

ఇవన్నీ పరాయి పాలకుడి నౌకలు, వాటి పేర్లను మనం మోయడమెందుకు అని అడిగేవారి బాధ నాకు అర్థమవుతుంది. కానీ పీలమేడులో ఏం జరిగిందో చూడాలి. 1942 ఏప్రిల్‌లో జపాన్ విమానాలు కొలంబో, ట్రింకోమలీల మీద, మన విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. తీరానికి దూరంగా ఉంటూ, పాలక్కాడ్ కనుమ గుండా కొచ్చిన్ రేవుకు రైలు దారి ఉన్న కోయంబత్తూరు నౌకాదళానికి ఎందుకు నచ్చిందో ఊహించడం కష్టం కాదు. అంతకన్నా పెద్ద కారణం ఊరి చేతిపని. అప్పటికే ఇక్కడ మిల్లుల యంత్రాలను విప్పి బిగించే పనివాళ్లు తయారై ఉన్నారు. పీలమేడు పి.ఎస్. గోవిందసామి నాయుడు కొడుకులు 1926లోనే ఆస్తిలో ఒక వాటా తీసి ధర్మసంస్థ పెట్టారు. అది బడితో ఆగకుండా పనిముట్ల దాకా వెళ్లింది. సూలూరు దగ్గరి కలంగల్‌లో 1893లో పుట్టిన జి.డి. నాయుడు, డి. బాలసుందరం నాయుడితో కలిసి 1937లో దేశంలోనే మొదటిదని చెప్పే విద్యుత్ మోటారు తయారుచేశాడు. నౌకాదళం తన విమానాలను తెచ్చి దించింది ఇటువంటి నేల మీద. పెత్తనం పరాయిది, పనితనం మనది. ఇంకో సంగతి. స్వతంత్ర భారత నౌకాదళం 1953 మే 11న కొచ్చిన్‌లో తన మొదటి విమాన స్థావరానికి పెట్టుకున్న పేరు కూడా గరుడే. అరక్కోణంలో రాజాళి, ఉచ్చిపుళిలో పరుందు, విశాఖపట్నంలో అచ్చతెలుగు డేగ ఆ వరసలోనే వచ్చాయి. పరాయివాడు వెళ్లిపోయాడు. మన పిట్ట మనకే మిగిలింది.

పరాయి పెత్తనం మాటకు అసలైన జవాబు తిరునెల్వేలి జిల్లా విజయనారాయణంలో ఉంది. అక్కడ 1990లో ఆరంభమైన నౌకాదళ స్థావరం పేరు ఐ.ఎన్.ఎస్. కట్టబొమ్మన్. మదురై నాయకులు ఏర్పరచిన డెబ్బై రెండు పాలెంలలో పాంచాలంకురిచ్చి ఒకటి. దాని పాలెగాడు వీరపాండ్య కట్టబొమ్మన్ తెలుగు మాట్లాడే రాజకంబళ నాయకుల కుటుంబంలో పుట్టాడు. ఆ వంశంలోని గెట్టిబొమ్ము పేరే తమిళ నోట కట్టబొమ్మన్ అయిందని చెప్పుకుంటారు. ఈస్టిండియా కంపెనీకి కప్పం కట్టనని ఎదురు తిరిగినందుకు 1799 అక్టోబరు 16న కయత్తారులో చింతచెట్టుకు ఉరితీశారు. ఆయనకు కోట ఉంది, గుర్రాలున్నాయి. ఆయన పేరు నిలిచింది మాత్రం నౌకాదళంలో. అదీ నీటి మీద తేలని నౌకకు. ఆ స్థావరం చేసే పని కూడా చూడండి. మామూలు రేడియో తరంగాలు సముద్రపు నీటిలోకి దిగవు. అతి తక్కువ పౌనఃపున్యం గల తరంగాలు కొన్ని మీటర్ల లోతు దాకా వెళతాయి. ఎత్తయిన స్తంభాల నుంచి ఆ తరంగాలను పంపి, లోపల దాగి ఉన్న జలాంతర్గాములకు ఆదేశాలు అందిస్తుంది ఐ.ఎన్.ఎస్. కట్టబొమ్మన్. బ్రిటిష్‌వాడు ఉరితీసినవాడి పేరును, బ్రిటిష్‌వాడి దగ్గర నేర్చుకున్న ‘గట్టు మీద నౌక’ పద్ధతికి తగిలించడం కన్నా గట్టి జవాబు ఇంకేం కావాలి? ఆయన తెలుగువాడా తమిళుడా అన్న తగవు ఇక్కడ అక్కర్లేదు. ఇంట్లో తెలుగు, పోరాటం తమిళనేల మీద, రెండూ ఆయనవే. ఆ ప్రాంతపు తెలుగువాళ్లంతా అలాగే ఉన్నారు.

చివరి అభ్యంతరం పద్ధతికి సంబంధించింది. ఒక్కో తరగతి నౌకలకు ఒక్కో వరస పేర్లుంటేనే దళంలో గందరగోళం ఉండదు, ప్రతి ఊరూ తన మాట పెట్టమంటే ఎలా అంటారు. వరస ఉండాల్సిందే. అయితే వరసకూ ఊరి మాటకూ వైరం లేదు. కొన్ని తరగతుల ఫ్రిగేట్లకు కొండల పేర్లన్నారు. కోయంబత్తూరు వాకిట్లోంచి కనబడే నీలగిరి 1972లో ఒక యుద్ధనౌక పేరయింది, 2025 జనవరిలో మళ్లీ ఇంకో కొత్త నౌకకు వచ్చింది. ఆ వరసలోనే ఆంధ్ర కొండల పేరుతో ఉదయగిరి 2025 ఆగస్టులో విశాఖపట్నంలో దళంలో చేరింది. శ్రీకృష్ణదేవరాయలు 1514లో గెలిచిన కోట ఆ పేరుదే. కొండ సముద్రం మీద తేలడం వింతే. ఆ వింత వల్లనే చదివినవాడు ‘ఎక్కడిదీ కొండ?’ అని అడుగుతాడు. కత్తులూ కటార్లూ అని అర్థం వచ్చే గంభీరమైన పేర్లకు ఆ ప్రశ్న పుట్టదు.

అటువంటి ప్రశ్న హెచ్.ఎం.ఎస్. గరుడ గురించి కోయంబత్తూరులో ఈ రోజు ఎంతమంది అడుగుతున్నారు? పేరు మరుగున పడడానికి ఒక కారణం యుద్ధకాలపు నియమమేనేమో. మామూలు రోజుల్లో బ్రిటిష్ నావికుడి టోపీకి చుట్టిన నల్ల రిబ్బను మీద బంగారు అక్షరాలతో నౌక పేరుండేది. యుద్ధంలో శత్రువుకు తెలియకూడదని పేరు తీసేసి ‘హెచ్.ఎం.ఎస్.’ అనే మూడక్షరాలే మిగిల్చారు. అలా పీలమేడు వీధుల్లో తిరిగిన నావికుడి నెత్తిన గరుడ పేరు లేదు. ఇప్పుడు ఊళ్లో రెడ్‌ఫీల్డ్స్‌లో ఐ.ఎన్.ఎస్. అగ్రణి ఉంది, నౌకాదళం వాళ్లకు నాయకత్వ శిక్షణ ఇస్తోంది. సూలూరు వాయుసేనకు పెద్ద స్థావరమైంది. పాత నౌక మీద పనిచేసిన ఫిట్టర్ల, టర్నర్ల, గుమాస్తాల తరం దాదాపు వెళ్లిపోయింది. వాళ్ల పిల్లలు, మనవలు ఉన్నారు. పీలమేడు, సూలూరు, సింగానల్లూరు వైపు ఉంటున్న తెలుగు కుటుంబాలకు, ఆ ఊళ్ల కాలేజీల్లో చరిత్ర చెప్పే అధ్యాపకులకు నా విన్నపం ఒక్కటే. తాతగారి పెట్టెలో ఆ కర్మాగారపు గుర్తింపు బిళ్లో, జీతం కాగితమో, ఫోటోనో ఉంటే బయటికి తీయండి. ఇంట్లో విన్న కబుర్లను తెలుగులోనో తమిళంలోనో రాసిపెట్టండి. తమిళనాడు పురాలేఖల శాఖకో, దగ్గర్లోని కళాశాల గ్రంథాలయానికో ఒక నకలు ఇవ్వండి. ఈ పని ఈ ఏడాదిలోనే మొదలుపెట్టండి.