లోక్‌సభ అభ్యర్థి ఇచ్చే బడి హామీలో ఏముండాలి?

లోక్‌సభ ఎన్నికలు వచ్చినప్పుడల్లా తెలుగు రాష్ట్రాల అభ్యర్థులు పల్లెలకూ బస్తీలకూ ఇచ్చే హామీల్లో అదనపు తరగతి గదులు, ప్రహరీ గోడలు, కమ్యూనిటీ హాళ్లు, అంగన్‌వాడీ భవనాలు ముందు వరుసలో ఉంటాయి. కులాల లెక్కలు, నగదు పంపకాలు ముంచెత్తే ప్రచారంలో పార్లమెంటుకు పోటీపడే వ్యక్తి బడి గురించీ ఊరి ఉమ్మడి అవసరాల గురించీ మాట్లాడటం మనసారా ఆహ్వానించవలసిన విషయమే. అయితే ఈ హామీల్లో ఎక్కువ భాగం సర్పంచో శాసనసభ్యుడో ఇవ్వదగినవి. పార్లమెంటు సభ్యుడు తప్ప మరొకరు చేయలేనివి, బడి నడతను నిజంగా మార్చగలిగినవి మాత్రం ఉపన్యాసాల్లో అరుదుగా వినిపిస్తాయి. దీనికి అభ్యర్థుల అవగాహనా లోపం ఒక కారణమైతే, నియోజకవర్గ నిధి అనే ఏర్పాటు మూడు దశాబ్దాలుగా పార్లమెంటు సభ్యుడి పాత్రను ఓటరు దృష్టిలో మార్చివేసిన తీరు అంతకన్నా పెద్ద కారణం.

వాడుకలో ఎంపీ ల్యాడ్స్ అని పిలిచే పార్లమెంటు సభ్యుల స్థానిక ప్రాంతాభివృద్ధి పథకం, పి.వి. నరసింహారావు ప్రధానమంత్రిగా ఉండగా 1993 డిసెంబరు 23న ప్రకటితమైంది. తొలి ఏడాది ఒక్కో సభ్యుడికి 5 లక్షల రూపాయలుగా ఉన్న కేటాయింపు మరుసటి ఏడాది కోటికి, 1998-99లో 2 కోట్లకు, 2011-12లో 5 కోట్లకు పెరిగింది. సభ్యుడు పనిని సిఫారసు చేస్తే జిల్లా యంత్రాంగం మంజూరు చేసి అమలు జరుపుతుంది. రాజ్యాంగం పనితీరును సమీక్షించిన జస్టిస్ వెంకటాచలయ్య సంఘం 2002లోనూ, రెండో పరిపాలనా సంస్కరణల సంఘం ఆ తరువాత కొన్నేళ్లకూ ఈ పథకాన్ని ఎత్తివేయాలని సూచించాయి. ఖర్చును ఆమోదించి, ఆ ఖర్చు జరిగిన తీరును ప్రశ్నించవలసినవారే ఖర్చులో భాగస్వాములైతే ప్రశ్నించే గొంతు మెత్తబడుతుందన్న అభ్యంతరం అప్పటినుంచీ ఉంది. 2010లో భీంసింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ పథకం రాజ్యాంగబద్ధమేనని తీర్పు చెప్పడంతో చట్టపరమైన వివాదం ముగిసింది కానీ, ఆ అభ్యంతరంలోని సారం ఎక్కడికీ పోలేదు.

ఆ నిధి పరిమాణాన్ని ఒకసారి కొలిచి చూస్తే హామీలకూ వాస్తవానికీ మధ్య దూరం తెలుస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 175 శాసనసభ స్థానాలకు 25, తెలంగాణలో 119 స్థానాలకు 17 లోక్‌సభ స్థానాలున్నాయి కనుక ఒక్కో లోక్‌సభ నియోజకవర్గం కిందికి ఏడు శాసనసభ నియోజకవర్గాలు వస్తాయి. అంటే ఏటా వచ్చే 5 కోట్లలో ఒక్కో శాసనసభ నియోజకవర్గానికి దక్కేది సుమారు 71 లక్షలు. రోడ్లు, తాగునీరు, వీధి దీపాలు, శ్మశానవాటికలు అన్నీ ఆ మొత్తం కోసమే పోటీపడతాయి. తెలంగాణలోని 17 మంది లోక్‌సభ సభ్యులు అయిదేళ్ల నిధిలో ఒక్క రూపాయి కూడా వేరే పనికి వాడకుండా బడులకే ధారపోసినా మొత్తం 425 కోట్లు దాటదు. 2022లో ఆ రాష్ట్ర ప్రభుత్వం 26,065 బడుల మరమ్మతులకు, వసతులకు ఉద్దేశించి ‘మన ఊరు - మన బడి’ని ప్రారంభించినప్పుడు వేసుకున్న అంచనా 7,289 కోట్లు. పైగా 37 లక్షలకు మించిన ఓటర్లున్న మల్కాజిగిరికీ, 60 వేల లోపు ఓటర్లున్న లక్షద్వీప్‌కూ ఏటా అందేది అదే 5 కోట్లు.

మొత్తం చిన్నదన్న సంగతి అలా ఉంచితే, దాని స్వభావం ఇంకా ముఖ్యమైనది. ఈ నిధితో ప్రజలకు ఉపయోగపడే శాశ్వత ఆస్తులు సమకూర్చవచ్చు గానీ జీతాలకూ నిర్వహణకూ వాడకూడదు. గది కట్టించగలిగిన నిధి ఆ గదిలో పాఠం చెప్పే మనిషిని తేలేదు. ప్రభుత్వ బడికి చాలాచోట్ల ఉన్న అసలు జబ్బు ఆ మనిషి కొరతే. 2009లో పార్లమెంటు చేసిన విద్యాహక్కు చట్టం ప్రాథమిక స్థాయిలో 30 మంది పిల్లలకు ఒక ఉపాధ్యాయుడు, ప్రాథమికోన్నత స్థాయిలో 35 మందికి ఒకరు ఉండాలని, మంజూరైన పోస్టుల్లో ఖాళీలు 10 శాతం మించరాదని నిర్దేశించింది. ఆ ఖాళీలు నింపవలసింది రాష్ట్ర ప్రభుత్వం. డీఎస్సీ అని అందరూ పిలిచే జిల్లా ఎంపిక సంఘం పరీక్షల ద్వారా తెలంగాణ 2024లో 11,062 పోస్టులకు, ఆంధ్రప్రదేశ్ 2025లో 16,347 పోస్టులకు నియామకాలు చేపట్టాయి. అన్ని వేల పోస్టులు ఒక్కసారిగా భర్తీకి వచ్చాయంటే, అంతకుముందు ఏళ్ల తరబడి ఎన్ని తరగతులు ఉపాధ్యాయుడు లేకుండా గడిచి ఉంటాయో ఊహించవచ్చు. ఆ ఏళ్లలో శిలాఫలకాలు మాత్రం ఆగలేదు.

అలాగని పార్లమెంటు సభ్యుడికి బడితో సంబంధం లేదనడం పొరపాటు. 1976లో 42వ సవరణ విద్యను రాష్ట్ర జాబితా నుంచి ఉమ్మడి జాబితాకు, అంటే కేంద్రమూ రాష్ట్రమూ రెండూ చట్టాలు చేయగల అంశాల జాబితాకు మార్చింది. పద్నాలుగేళ్ల వయసు వరకు చదువు ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు 1993లో చెప్పింది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కక్షిదారుగా ఉన్న ఉన్నికృష్ణన్ కేసులోనే. కాలేజీల క్యాపిటేషన్ ఫీజుల చుట్టూ నడిచిన ఆ వ్యాజ్యం పసిపిల్లల చదువుకు దారి తీయడం, 2002లో 86వ సవరణతో ఆ మాట రాజ్యాంగంలోకి ఎక్కడం, 2009లో చట్టంగా మారడం భారత పార్లమెంటు చేసిన మంచి పనుల్లో ఒకటి.

చట్టం కన్నా డబ్బు విషయంలో లోక్‌సభ సభ్యుడి ఓటుకు బరువెక్కువ. 2004 నుంచి కేంద్రం విద్య పేరుతో సెస్సు వసూలు చేస్తోంది. సెస్సు అంటే ఒక ప్రత్యేక ప్రయోజనం చెప్పి అసలు పన్ను మీద విధించే అదనపు పన్ను. మొదట 2 శాతంగా ఉన్నది 2007లో మరో శాతం చేరి, 2018లో ఆరోగ్యంతో కలిపి 4 శాతమైంది. రాజ్యాంగంలోని 270వ అధికరణం ప్రకారం సెస్సులు రాష్ట్రాలతో పంచుకోవలసిన పన్నుల మొత్తంలోకి రావు. వరంగల్ వ్యాపారీ విశాఖ ఉద్యోగీ కట్టిన విద్యా సెస్సులో రాష్ట్రానికి హక్కుగా వచ్చే వాటా ఏమీ లేదు, కేంద్రం రూపొందించిన పథకాల ద్వారా, వాటి షరతులకు లోబడి మాత్రమే అది బడి దాకా చేరుతుంది. అలాంటి వాటిలో పెద్దదైన సమగ్ర శిక్షలో ఖర్చు కేంద్రానికి 60, రాష్ట్రానికి 40 పాళ్లు. పీఎం శ్రీ అనే మరో పథకానికి అంగీకార పత్రం మీద సంతకం చేయలేదన్న కారణంతో 2024-25లో తమిళనాడుకు సమగ్ర శిక్ష నిధులు నిలిచిపోయి, ఆ రాష్ట్రం సుప్రీంకోర్టు మెట్లెక్కవలసి వచ్చింది. ఒక పథకంలో చేరడానికి ఇష్టపడని రాష్ట్రంలోని పిల్లలు వేరొక పథకంలో తమకు రావలసినది కోల్పోవడం అన్యాయం. అలాంటి షరతు న్యాయమా కాదా అని తేల్చవలసిన వేదిక పార్లమెంటు, ఏటా ఆర్థిక బిల్లు మీద చేయెత్తేది లోక్‌సభ సభ్యుడు. సెస్సులో ఎంత భాగం బడికి చేరిందని సభలో అడుగుతానని ఓటర్లకు మాటిచ్చే అభ్యర్థి ప్రహరీ గోడ కన్నా పెద్ద హామీ ఇచ్చినట్టే.

మధ్యాహ్న భోజనం వండే మహిళల సంగతి మరీ బాధాకరం. వారికి నెలకు 1,000 రూపాయల గౌరవ వేతనం, అది కూడా ఏడాదికి పది నెలలకే, అని కేంద్ర మార్గదర్శకాలు 2009లో నిర్ణయించాయి. పదిహేనేళ్లు గడిచినా కేంద్రం లెక్కలో ఆ అంకె కదలలేదు. తెలుగు రాష్ట్రాలు సొంత నిధులు కలిపి దాన్ని 3,000కు తెచ్చాయి. అంగన్‌వాడీ కార్యకర్తకు కేంద్రం 2018లో నిర్ణయించిన గౌరవ వేతనం 4,500, ఆయాకు 2,250. రాష్ట్రం ఎంత కలిపినా ఈ పునాది మొత్తాన్ని సవరించవలసింది కేంద్రమే, దాన్ని అందుకు ఒప్పించవలసింది సభలో కూర్చున్నవారే. ఊళ్లో అంగన్‌వాడీ భవనం ప్రారంభోత్సవానికి వచ్చే సభ్యులు ఆ భవనంలో పనిచేసే మనిషి వేతనం గురించి పార్లమెంటులో ప్రశ్న వేయకపోతే, ఆ భవనం మీద వారి పేరుకు ఏ అర్హతా లేదు.

కొత్త కేంద్రీయ విద్యాలయాలు, జవహర్ నవోదయ విద్యాలయాలు సాధించడం మాత్రం అభ్యర్థులు నిజాయితీగా ఇవ్వగల హామీ. జిల్లాకొకటి అన్న నవోదయ విధానం తెలంగాణలో జిల్లాలు 33కు పెరిగాక కూడా 9 దగ్గరే ఆగిపోగా, 2024 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం ఆ రాష్ట్రానికి 7 నవోదయలను, అదే రోజు ఆంధ్రప్రదేశ్‌కు 8 కేంద్రీయ విద్యాలయాలను మంజూరు చేసింది. కేంద్రీయ విద్యాలయాల్లో ఒక్కో ఎంపీ ఏటా పది మంది పిల్లలను సిఫారసు చేసే కోటాను 2022లో రద్దు చేయడం కూడా మంచిదే జరిగింది. పది కుటుంబాలకు చేసే ఉపకారం లక్షల మంది పిల్లల హక్కుకు బదులు కాలేదు.

ఊరి బడి గురించి ఓటరు పార్లమెంటు అభ్యర్థిని అడగడానికి మరో కారణం, అడగవలసిన దగ్గరి మనిషి లేకపోవడం. 73వ సవరణ పదకొండో షెడ్యూలులో పంచాయతీరాజ్ సంస్థలకు అప్పగించదగిన 29 అంశాల్లో ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలలున్నాయి. తెలుగు పల్లెల్లో బడి పేరులోనే మండల పరిషత్తు, జిల్లా పరిషత్తు ఉంటాయి గానీ, నియామకమూ బదిలీలూ నిధులూ రాజధాని చేతిలోనే ఉన్నాయి. తెలంగాణలో గ్రామ పంచాయతీల పదవీకాలం 2024 ఫిబ్రవరి మొదట్లో ముగిసింది, తిరిగి ఎన్నికలు జరిగింది 2025 డిసెంబరులో. మధ్యలో, 2024 మే 13న లోక్‌సభ పోలింగ్ జరిగేనాటికి పల్లెల్లో సర్పంచులు లేరు, ప్రత్యేకాధికారులున్నారు. అలాంటి ఊళ్లో ఓటు అడగడానికి వచ్చిన ఎంపీ అభ్యర్థి ముందు బడి పైకప్పు సంగతీ మురుగు కాలువ సంగతీ పెట్టిన ప్రజలను తప్పుపట్టలేం. స్థానిక సంస్థలకు సకాలంలో ఎన్నికలు జరగాలని, పదకొండో షెడ్యూలు కాగితం దాటి రావాలని లోక్‌సభ అభ్యర్థులు ప్రచారంలోనే పట్టుబట్టాలి. అందుకు వెనుకాడటం చాలాసార్లు సొంత పార్టీ రాష్ట్ర ప్రభుత్వాన్ని ఇబ్బంది పెట్టకూడదన్న జాగ్రత్తే.

జిల్లా స్థాయిలో పార్లమెంటు సభ్యుల చేతిలో ఉన్న, చాలామంది ఓటర్లకు తెలియని మరో అధికారం ‘దిశ’, అంటే జిల్లా అభివృద్ధి సమన్వయ, పర్యవేక్షణ కమిటీ. 2016లో ఏర్పడిన ఈ కమిటీకి లోక్‌సభ సభ్యుడు అధ్యక్షుడు, కలెక్టరు సభ్య కార్యదర్శి. మూడు నెలలకోసారి సమావేశమై సమగ్ర శిక్ష, మధ్యాహ్న భోజనం సహా కేంద్ర నిధులతో నడిచే పథకాలను సమీక్షించాలి. ఏ మండలంలో ఎన్ని బడులు ఒక్క ఉపాధ్యాయుడితో నడుస్తున్నాయి, వంట బిల్లులు ఎన్ని నెలలుగా ఆగాయి, వచ్చిన నిధి ఎంత మిగిలిపోయింది అన్న ప్రశ్నలకు అధికారులు ముఖాముఖి జవాబు చెప్పవలసిన చోటు అది. మరోసారి పోటీకి దిగే సభ్యుడు తన హయాంలో జరగవలసిన ఇరవై సమావేశాల్లో ఎన్ని జరిపారో, బడి గురించి ఏ నిర్ణయం చేయించారో ప్రచార కరపత్రంలో చెప్పాలి. చెప్పకపోతే, ఆ సమావేశాల తీర్మానాల నకళ్లను సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో కలెక్టరేట్ నుంచి అడిగే హక్కు ఊళ్లోని ప్రతి తల్లికీ తండ్రికీ ఉంది. జవాబు రావడానికి చట్టం ఇచ్చిన గడువు ముప్పై రోజులు కాబట్టి, ఆ దరఖాస్తు ఎన్నికల ప్రకటన వెలువడక ముందే పెట్టుకోవడం మేలు.